మబ్బులలో దారి: విమానమునకు రేడియో తోడైన కథ



బ్రిటిషు వైమానికదళమువారి మ్యూజియము సేకరణలో 1918 నాటి యుద్ధవిమానము ఒకటి ఉన్నది. అది డి.హెచ్. 9ఏ అను రకమునకు చెందినది. క్రింద ఒక జత, పైన ఒక జత రెక్కలు. ముందు చోదకుడు, వెనుక పరిశీలకుడు కూర్చుండుటకు పైకప్పు లేని రెండు గుంటలు. దాని ప్రక్కభాగముపై ఇంగ్లీషు అక్షరములతో, హైదరాబాదు నిజాము ప్రభువు బహూకరించినదనియు, 'హైదరాబాదు నంబరు 12ఏ' అనియు వ్రాసి ఉన్నది.

ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి ఐరోపా యుద్ధము! 1918లో మా ఆర్మూరు, నిజామాబాదు జిల్లాలోని తక్కిన ఊళ్ళవలెనే, నిజాము రాజ్యములోనిది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి అంగడికి తెచ్చిన రైతునకు విమానమనగా ఏమో తెలిసియుండదు. అయినను రాజ్యపు సంపదకు మూలము రైతు చెల్లించిన శిస్తే. ఆ సంపద విలువ గల విమానములుగా మారి, ఫ్రాన్సు, జర్మనీ దేశముల ఆకాశమున ఎగిరినది. అందుచేత ఆ విమానములకు ఏమి గతి పట్టినదో తెలిసికొను హక్కు మనకును కలదని మేము భావిస్తున్నాము.

హైదరాబాదు పేరు ధరించిన బ్రిటిషు విమానదళములు మూడు ఉండినవి. మొదటి ప్రపంచయుద్ధమున 110వ దళము. రెండవ ప్రపంచయుద్ధమున 152వ దళము, 253వ దళము. మొదటిదానికిని తక్కిన రెంటికిని నడుమ 22 సంవత్సరముల ఎడము. మొదటి దళమువారు మబ్బులలో తామెక్కడ ఉన్నారో తెలియక చిక్కుపడినారు. తరువాతి దళములవారికి నేలమీదినుండి ఒక స్వరము దారి చెప్పుచుండేది. ధైర్యమున ఎవరికెవరును తీసిపోరు. తేడా అంతయు రేడియోలో ఉన్నది. ఆ తేడా ఎట్లు వచ్చినదో నేటి ప్రసంగమున చెప్పదలచినాము.

మొదట దారి తప్పుట అనగా ఏమో చూతము. మా ఊరి నవనాథ సిద్ధుల గుట్టపై నిలిచి చూచినవారికి దిక్కులు తెలియుట కష్టము కాదు. ఉత్తరమున గోదావరి, శ్రీరామసాగరపు నీరు. ఉత్తర దక్షిణములుగా పోవు నాగపూరు-హైదరాబాదు రహదారి. విమానములో పోవువానికిని ఇవే గురుతులు. నది, రైలుదారి, చెరువు, గుట్ట, వీనిని పటముతో సరిచూచుకొనుచు పోవలెను. ఆషాఢ మాసమున మబ్బు క్రమ్మినదనుకొనుడు. నేల కనపడదు. అప్పుడు మిగులునవి దిక్సూచి, గడియారము, వేగము చూపు పరికరము మాత్రమే.

ఆ మూడును సరిగా పనిచేసినను చాలదు. ఆర్మూరునుండి హైదరాబాదు ఇంచుమించు నేరుగా దక్షిణమున, కొంచెము తూర్పునకు మొగ్గి, సుమారు 160 కిలోమీటర్ల దూరమున ఉన్నది. గంటకు 150 కిలోమీటర్ల వేగముతో పోవు విమానము దిక్సూచిని నమ్మి ఆ దిక్కునకే ముక్కు పెట్టి గంటసేపు ఎగిరినదనుకొందము. పడమటినుండి గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వానగాలి వీచుచున్నచో, గంట గడచునప్పటికి ఆ విమానము హైదరాబాదుపై ఉండదు. బీబీనగరు దరిదాపుల ఉండును. విమానము ముక్కు ఎటు ఉన్నదో దిక్సూచి చెప్పును గాని, గాలి దానిని ఎంత ప్రక్కకు నెట్టినదో చెప్పదు. పడవవానికి ఏటి వడి కంటికి కనపడును. మబ్బులోని చోదకునకు గాలి వడి కనపడదు. అతడు గాలితోపాటే పోవుచుండును.

పైగా ఆనాటి దిక్సూచియు మబ్బులలో మోసము చేసేది. విమానము ఉత్తర దిక్కునుండి మలుపు తిరుగునప్పుడు దాని సూది తప్పుదారి చూపేది. విమానము ఒరిగినప్పుడు సూదిపై భూమి అయస్కాంతశక్తి యొక్క నిలువు లాగుడు పనిచేయుటయే దీనికి కారణమని ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధనాలయమున కీత్ లూకాస్ అను శాస్త్రజ్ఞుడు కనుగొని, మెరుగైన దిక్సూచిని రూపొందించినాడు. ఆయన 1916లో విమానప్రమాదముననే మరణించినాడు.

ఆ యుద్ధకాలమున విమానములలో వైర్‌లెస్ లేకపోలేదు. 1914 సెప్టెంబరులో ఫ్రాన్సులోని ఏన్ నదీతీరపు పోరాటమున లూయీ, జేమ్స్ అను ఇద్దరు బ్రిటిషు లెఫ్టినెంట్లు విమానమునుండి వైర్‌లెస్ ద్వారా ఫిరంగిదళమునకు కబుర్లు పంపినారు. ఆ యంత్రము మాటను పంపలేదు. విద్యుత్తు నిప్పురవ్వలచే పుట్టిన తరంగములను చుక్కలుగా, గీతలుగా మాత్రమే పంపేది. ఏరియలు అనగా విమానమునుండి క్రిందికి వ్రేలాడవిడిచిన సుమారు 120 అడుగుల రాగితీగ. దాని కొనకు సీసపు గుండు. నేలకు దిగుటకు ముందు దానిని తిరిగి చుట్టుకొనవలెను.

కబురు పంపు పద్ధతి ముచ్చటైనది. శత్రువు ఫిరంగి ఉన్న చోటును గడియారపు ముఖము నడుమగా భావించుకొనవలెను. పండ్రెండు అంకె ఉత్తరము. చుట్టును వలయములు, ఒక్కొక్క వలయమునకు ఒక్కొక్క అక్షరము. 'బి' అనగా 100 గజములు, 'సి' అనగా 200 గజములు. గుండు 'బి 3' వద్ద పడినదని తెలిపినచో, గురికి 100 గజములు తూర్పున పడినదని ఫిరంగివాడు గ్రహించును. రెండక్షరములలో పని ముగిసినది.

అయితే ఇది ఒకవైపు సంభాషణ. విమానము చెప్పును, నేల వినును. నేల జవాబు చెప్పవలెనన్న పచ్చికపై తెల్లబట్టల పట్టీలు పరచి గురుతులు చూపేవారు. ఎందుచేతననగా విమానములో వినుట ఎంతయో కష్టము. ఇంజను హోరు ఒక కారణము. అంతకుమించినది మరొకటి. ఇంజనులో పెట్రోలును మండించు విద్యుత్తు రవ్వలును చిన్న వైర్‌లెస్ ప్రసారములవంటివే. దారిన మోటారుబండి పోవునప్పుడు పాత రేడియోలలో టకటకమను చప్పుడు మీరు వినియుందురు. ఆ మోటారును రేడియో ప్రక్కనే పెట్టుకొని పాట వినవలెనన్నచో ఎట్లుండునో ఊహించుడు. ఇంజను తీగలన్నిటికి లోహపు తొడుగులు వేసి ఆ రవ్వల అల్లరిని అణచుటకు ఇంజనీర్లు సంవత్సరములు శ్రమపడినారు.

మానవస్వరమును విమానమునుండి నేలకు పంపుట 1915లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ మైదానమున, మార్కొనీ కంపెనీకి చెందిన ప్రిన్సు అను ఇంజనీరు నాయకత్వమున సాధ్యమైనది. గాజు వాల్వు అందుకు ఆధారము. యుద్ధము ముగియునాటికి ఈ టెలిఫోను కొద్ది దళములకే చేరినది. ఇక్కడ రేడియో ఉన్న కుటుంబములవారికి ఒక విశేషము చెప్పవలెను. ఆ యుద్ధమున విమానదళపు వైర్‌లెస్ అధికారిగా పనిచేసిన పీటర్ ఎకర్‌స్లీ, 1922లో మార్కొనీ కంపెనీవారి రిటిల్ కేంద్రమునుండి సాధారణ జనులకొరకు ప్రసారములు నడిపినాడు. మరుసటి సంవత్సరము బి.బి.సి.కి మొదటి ప్రధాన ఇంజనీరు అయినాడు. విమానమునకు మాట నేర్పినవారే మన ఇండ్లకు పాటను పంపినారనుట అతిశయోక్తి కాదు.

ఇక మన 110వ దళము సంగతి. దాని తొలి విమానములన్నియు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నిజాము బహూకరించినవే. అందుచేత దానికి హైదరాబాదు దళమను పేరు వచ్చినది. 400 అశ్వశక్తి గల అమెరికను లిబర్టీ ఇంజనుతో నడచు డి.హెచ్. 9ఏ విమానములను యుద్ధరంగమునకు మొదట కొనిపోయినది ఆ దళమే. 1918 సెప్టెంబరు మొదట ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతమునకు చేరి, రైన్ నదీప్రాంతపు పట్టణములు, రైల్వే స్థలములు, విమానస్థావరములపై పగటిపూట దాడులు సాగించినది. వారి విమానములలో దారి చూపునవి దిక్సూచి, పటము, గడియారము, కన్నులు. నాయకుడు తన వెంట వచ్చువారికి చెప్పవలసినది రెక్కలూపియో, రంగుల తారాజువ్వలు కాల్చియో చెప్పవలెను.

నవంబరు 11న యుద్ధము ఆగినది. అనగా ఆ దళము యుద్ధరంగమున ఉన్నది రెండున్నర నెలలలోపే. ఆ కొద్దికాలమున అది వేసిన బాంబులు పదిన్నర టన్నులు. శత్రువుల చేతిలో పోగొట్టుకొన్న విమానములు 17. ప్రమాదములలో పోగొట్టుకొన్నవి 28. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. శత్రువుకంటె మబ్బు, మంచు, గాలి, మొరాయించు ఇంజను, చీకటిలో దిగుడు, ఇవే ఎక్కువ విమానములను మ్రింగినవి. అన్నిటికిని దారి తప్పుటయే కారణమనుట న్యాయము కాదు. కాని పెట్రోలు తరుగుచుండ, క్రింద పొగమంచు క్రమ్మియుండ, తన స్థావరము ఎటున్నదో తెలియక తిరుగు చోదకునకు మంచి ఇంజను ఉన్నను ఏమి ప్రయోజనము?

మొదట చెప్పిన 'హైదరాబాదు నంబరు 12ఏ' 1918 అక్టోబరు 5న జర్మనులు ఆక్రమించిన నేలపై దిగవలసివచ్చి వారి చేజిక్కినది. వారు దానిని బెర్లినులోని విమాన ప్రదర్శనశాలలో పెట్టినారు. రెండవ యుద్ధకాలమున అది పోలండునకు తరలినది. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైరు విమానమునిచ్చి దానిని తిరిగి తెచ్చుకొన్నారు.

విమానమునకు దిక్కు తెలుపు రేడియో విద్య ఏమిటో మీ ఇంటనే పరీక్షించి చూడవచ్చును. చేతితో పట్టుకొను ట్రాన్సిస్టరు రేడియో తీసికొనుడు. మధ్యమ తరంగములలో ఒక స్టేషనును పట్టుడు. సెట్టును బల్లపై పెట్టి మెల్లగా గుండ్రముగా త్రిప్పుడు. ఒక స్థితిలో ధ్వని పెరుగును, మరొక స్థితిలో సన్నగిలి ఇంచుమించు పోవును. సెట్టులోపల పొడవుగా అమర్చిన ఫెరైటు కడ్డీ ఏరియలు కొన స్టేషను వైపునకు తిరిగినప్పుడు ధ్వని సన్నగిలును. ఆర్మూరున కూర్చుండి హైదరాబాదు స్టేషనును వినువారికి, ధ్వని సన్నగిలినప్పుడు సెట్టు పొడవు ఉత్తర దక్షిణములుగా ఉండును. ధ్వని పెరిగిన చోటుకంటె పోయిన చోటు చెవికి స్పష్టముగా తెలియును. కాబట్టి ఈ విద్య తెలిసినవారు నిశ్శబ్దమునే గురుతుగా పట్టుకొనిరి.

ఒక్క సెట్టుతో తెలియునది ఒక గీత మాత్రమే. స్టేషను ఆ గీతపై ఎక్కడనో ఉన్నది, ఇటో అటో కూడ తేలదు. రెండు వేరు వేరు ఊళ్ళనుండి రెండు గీతలు గీచినచో అవి కలిసిన చోటు స్టేషను ఉన్న చోటు. ఈ ఉపాయముతోనే మొదటి యుద్ధమున జర్మనీ వారి జెప్పెలిన్ గాలినౌకలు తమ చోటును తెలిసికొనేవి. నౌక వైర్‌లెస్‌తో పిలుచును. నేలమీది కేంద్రములు ఆ పిలుపు వచ్చిన దిక్కును కొలిచి, నీవు ఫలానా చోట ఉన్నావని చెప్పును. కాని పిలుపు మిత్రునకు మాత్రమే వినపడునా? ఇంగ్లండు తీరమున రౌండ్ అను మార్కొనీ ఇంజనీరు ఏర్పరచిన కేంద్రములు శత్రు వైర్‌లెస్ పిలుపులు వచ్చు దిక్కులను అదేవిధముగా కొలుచుచుండినవి. దారి అడిగినవాడు తన జాడను తానే చాటుకొన్నట్లయినది. సైనిక రేడియో చరిత్రలో ఈ చిక్కు మొదటినుండి కడవరకు వెన్నంటి వచ్చినది.

రెండు యుద్ధముల నడుమ రేడియో బాటలు వచ్చినవి. నేలమీదినుండి రెండు తరంగపుంజములను కొంచెము ఎడముగా పంపుదురు. ఒకదానిలో చుక్కలు, రెండవదానిలో గీతలు. రెండును కలియు నడిమి సన్నని బాటలో ఉన్నవానికి చుక్కలు గీతల నడిమి ఖాళీలను పూరించి, ఎడతెగని ఒకే స్వరము వినపడును. ఎడమకు తప్పినచో చుక్కలు, కుడికి తప్పినచో గీతలు. మబ్బులోనుండి విమానాశ్రయమునకు దిగుటకు జర్మనీలో లోరెంజ్ కంపెనీవారు ఈ పద్ధతిని అమలుచేసినారు. మన దేశమున 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానము నడిపి, అక్కడినుండి అది బళ్ళారి మీదుగా మదరాసు చేరిననాడు ఇవి ఏవియు లేవు. ఆ విమానములో రేడియోయే లేదు.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ వద్ద ఒక చిన్న పరీక్ష జరిగినది. వాట్సన్-వాట్, విల్కిన్స్ అను శాస్త్రజ్ఞులు బి.బి.సి. వారి హ్రస్వతరంగ ప్రసారము నడుచుచుండగా ఒక బాంబరు విమానమును ఆ మీదుగా పోనిచ్చినారు. విమానమును తాకి తిరిగివచ్చిన తరంగపు ప్రతిధ్వని వారి తెరపై కదలినది. సుమారు ఎనిమిది మైళ్ళ దూరమువరకు జాడ తెలిసినది. రాడారునకు అదియే అంకురార్పణ. రేడియో వార్తలు, సంగీతము పంపు స్టేషనే శత్రువిమానమును చూపు దీపమైనది.

1940 నాటికి హైదరాబాదు పేరు గల రెండు దళములు ఇంగ్లండు రక్షణకు నిలిచినవి. 152వ దళము స్పిట్‌ఫైర్లతో జూలైనుండి వార్మ్‌వెల్ స్థావరమున ఉండి పోర్ట్‌లండు నౌకాస్థావరమును కాపాడినది. దాని చిహ్నము హైదరాబాదు ప్రభువు తలపాగా. 253వ దళము హరికేన్లతో ఆగస్టు చివర లండనునకు దక్షిణమున ఉన్న కెన్లీకి వచ్చినది. వానిలో ఎగిరినవారు చాలవరకు బ్రిటనునకును, ఆ సామ్రాజ్యపు ఇతర దేశములకును చెందిన యువకులు. పేరు మనది, ప్రాణములు వారివి.

తీరపు రాడారు స్తంభములు సముద్రమువైపునకే చూచేవి. వచ్చు శత్రువు ఎక్కడనో అవి చెప్పును. ఎదుర్కొనపోవు మనవాడు ఎక్కడ? దీనికొక సులువైన ఏర్పాటు చేసినారు. దళములోని ఎన్నికచేసిన విమానముల రేడియో ప్రతి నిమిషములో 14 సెకండ్లపాటు తనంతట తాను ఒక సన్నని కూతను పంపును. దాని పేరు 'పిప్ స్క్వీక్'. నిమిషమును నాలుగు పాళ్ళు చేసి నాలుగు విమానములు వంతులవారిగా కూయవలెను. నేలమీద మూడు కేంద్రములు ఆ కూత వచ్చిన దిక్కును కొలిచి టెలిఫోనులో చెప్పును. పటము పరచిన బల్లపై మూడు దారములు. ఒక్కొక్క కేంద్రపు గురుతునుండి ఒక్కొక్క దారమును ఆ దిక్కునకు లాగుదురు. మూడును కలిసిన చోట దళమున్నది. వైమానికదళపు యువతులు పొడుగు కర్రలతో పెద్ద బల్లపై మిత్రుల, శత్రువుల గురుతులను జరుపుచుండగా, పైనుండి చూచు అధికారి చోదకునితో రేడియోలో మాటలాడేవాడు. 'వెక్టర్' అనగా పోవలసిన దిక్కు. 'ఏంజెల్స్ 15' అనగా 15,000 అడుగుల ఎత్తు. 'పాన్‌కేక్' అనగా దిగిరమ్ము. 1918లో జర్మనీ మబ్బులలో వెదకుకొన్న హైదరాబాదు చోదకునకును, 1940లో ఈ మాట వినుచున్న హైదరాబాదు చోదకునకును ఎంత తేడా!

అయితే యంత్రములు నిర్దోషములని అనుకొనరాదు. టి.ఆర్. 9 అను ఆ సెట్టు స్వరము తరచు గరగరలాడేది, దూరము పోయేది కాదు. అదే సంవత్సరమునుండి దాని స్థానమున అతి హ్రస్వతరంగముల సెట్లు రాసాగినవి. స్వరము తేటపడినది. చోదకుల మాటలను శత్రువులు వినకపోలేదు. జర్మను చోదకుల మాటలను జర్మనుభాష వచ్చిన ఇంగ్లీషు యువతులు తీరమున కూర్చుండి వ్రాసికొన్నారు. పిలుపు జాడ తీయు పాత చిక్కు కొత్తరూపమున వచ్చినది.

ఆ ఏడే బాటల యుద్ధము నడచినది. దిగుటకు ఏర్పరచిన లోరెంజ్ బాటనే జర్మనులు దూరమునకు సాచి, రెండు పుంజములను ఇంగ్లీషు పట్టణములపై కూడలి చేసినారు. చీకటిలోను, మబ్బులోను ఆ కూడలి వద్ద బాంబులు విడుచుటయే పని. ఇరవై ఎనిమిదేండ్ల శాస్త్రజ్ఞుడు ఆర్.వి. జోన్స్ ఈ సంగతిని పసిగట్టినాడు. 1940 జూన్ 21 రాత్రి ఒక చిన్న విమానము ఎగిరి ఆ బాటను నిజముగానే కనుగొన్నది. దొంగ గీతలు కలిపి బాటను చెరచు యంత్రములు పెట్టినారు. కాని నవంబరు 14 రాత్రి కావెంట్రీ పట్టణముపై దాడిలో శత్రువులు వాడినది మరింత సున్నితమైన బాట. దానిని చెరచుటకు పంపిన కూత శ్రుతి సెకండునకు 1,500 కంపనములు; శత్రువు వాడినది 2,000. తమ శ్రుతిని వేరుచేసి వినగల జర్మను సెట్లు ఆ అడ్డును జల్లెడ పట్టివేసినవి. ఆ రాత్రి 500 మందికి పైగా పౌరులు మరణించినారు. తంబుర శ్రుతి తప్పినచో కచేరి చెడును. ఇక్కడ శ్రుతి తప్పినందున ఊరు కాలినది.

బ్రిటిషు బాంబర్లకును చీకటి చీకటే. 1941 ఆగస్టులో వారి స్వంత పరిశీలనలో తేలినదేమనగా, గురిపై బాంబులు వేసితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే గురికి ఐదు మైళ్ళలోపల వేసినది. తక్కినవి ఎవరి పొలములలో, ఎవరి ఇండ్లపై పడినవో! 1942 మార్చిలో 'జీ' అను సాధనము వాడుకలోనికి వచ్చినది. దాని కిటుకు ఇది. చెరువు రెండు గట్లపై ఇద్దరు ఒకే క్షణమున డప్పు కొట్టినారనుకొనుడు. రెండును మీకు ఒకేసారి వినపడినచో మీరు ఇద్దరికిని సమాన దూరమున ఉన్నారు. కుడి డప్పు ఒక సెకండు ముందు వినపడినచో, అది సుమారు 340 మీటర్లు మీకు దగ్గర. ధ్వనికి బదులు రేడియో తరంగము, సెకండునకు బదులు సెకండులో పదిలక్షల వంతు. ఆ వంతులో తరంగము 300 మీటర్లు పోవును. ఇటువంటి కేంద్రములు మూడు ఉన్నచో చోటు తేలును. విమానము పిలువవలసిన పనిలేదు, విన్న చాలును. పిలుపు జాడ తీయు చిక్కునకు ఇదియే చక్కని విరుగుడు. అయితే మ్రోగు కేంద్రమును శత్రువు చెరపవచ్చును. జర్మనులు కొన్ని నెలలలోనే ఆ పని చేసినారు.

152వ దళము ఆఫ్రికా, ఇటలీ రంగములు దాటి 1943 చివర మన దేశమునకు వచ్చి, బర్మా యుద్ధమున పాల్గొన్నది. ఆ రంగమున అస్సామునుండి హిమాలయపు కొనలు దాటి చైనాకు సరకు చేరవేసిన అమెరికను విమానములు దాదాపు 600 నేలకూలినవి. అక్కడ పర్వతములు, మంచు, తుపాను ఒకవైపు. దారి చూపు రేడియో దీపస్తంభములు కొద్ది. కథ 1918కి తిరిగివచ్చినట్లు ఉండెను.

స్వాతంత్ర్యము తరువాత ఈ విద్య మన ప్రాంతమున వేరూనినది. బేగంపేటలోని వైమానికదళ స్థావరమున నావిగేటర్లకు, అనగా విమానములో దారి లెక్కించువారికి, శిక్షణ ఇచ్చు పాఠశాల నడచినది. 1961లో హైదరాబాదున రక్షణ ఎలెక్ట్రానిక్సు పరిశోధనశాల ఏర్పడినది. శత్రువు రేడియోను వినుట, జాడతీయుట, దానిని అడ్డుట అను విద్యలకు అది నిలయము. 1971లో దుండిగల్ వైమానిక అకాడమీ ప్రారంభమైనది. 2013 జూలై 1న ఆంధ్ర తీరమున శ్రీహరికోటనుండి దారి చూపు ఉపగ్రహములలో మన దేశపు మొదటిది ఆకాశమునకు ఎగసినది. ఆ ఉపగ్రహ సముదాయమునకు తరువాత 'నావిక్' అని పేరు పెట్టినారు. ఉపగ్రహములనుండి వచ్చు తరంగముల రాకకు పట్టు కాలమును కొలిచి చోటు తెలిసికొనుట ఇందలి కిటుకు. చెరువు గట్టుమీది డప్పుల లెక్కకు ఇది దగ్గరి చుట్టము. ఇప్పుడు ఆర్మూరునుండి సాంగ్లీకి పసుపు కొనిపోవు లారీవాడు చేతిలోని ఫోనులో దారి చూచుకొనుచున్నాడు. ఆ ఫోను ఆకాశమును వినుటవలననే తన చోటును కనుగొనుచున్నది.

ఆ సులువును చూచి పాత చిక్కు తీరినదనుకొనరాదు. ఉపగ్రహపు స్వరము నేలకు చేరునప్పటికి మిక్కిలి సన్నగిలియుండును. యుద్ధప్రాంతములలో నేటికిని దానిని చెరచుచున్నారు, దొంగ స్వరములు పంపి విమానములను, ఓడలను తప్పుదారి పట్టించుచున్నారు. కావెంట్రీ నాటి పాఠము ఇంకను పాతబడలేదు. అందుచేతనే ఏ దేశమైనను పరుల ఉపగ్రహములపై మాత్రమే ఆధారపడక తన వానిని నిలుపుకొనగోరుట. అందుచేతనే ఎన్ని యంత్రములున్నను చోదకునకు దిక్సూచి, పటము, గాలి లెక్క నేర్పుట.

'హైదరాబాదు నంబరు 12ఏ'పై దాత పేరు నిలిచియున్నది. శిస్తు కట్టిన రైతు పేరుగాని, మబ్బులలో దారి తప్పి పోయిన యువకుల పేర్లుగాని దానిపై లేవు. ఆ యువకులకు ధైర్యము కొరవడలేదు. తామెక్కడ ఉన్నామో చెప్పు ఒక్క స్వరము కొరవడినది. దానిని సంపాదించుటకు లోకమునకు రెండు యుద్ధములు పట్టినవి. తిరిగి యుద్ధము లేకయే ఆ స్వరము మన లారీలకు, పడవలకు, తుపానులో చిక్కిన చేపలవారికి ఉపయోగపడుచుండవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.